ఫీల్డ్ అసిస్టెంట్‌ను తీసేస్తే సొమ్ము తిరిగొస్తుందా? ఉపాధి హామీలో తొలగింపులు, రికవరీల లెక్క

ఊళ్లో ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్‌ను తీసేశారని తెలియగానే రచ్చబండ దగ్గర మూడు మాటలు వినిపిస్తాయి. "దొంగ మస్టర్లు (హాజరు పట్టీలు) వేసి తిన్నాడు, అందుకే తీసేశారు" అంటారు ఒకరు. "ప్రభుత్వం మారింది కదా, వాళ్ల మనిషిని పెట్టుకుంటారు" అంటారు ఇంకొకరు. "పనిదినాలు తక్కువ చూపించాడట, టార్గెట్ రాలేదట" అనేది మూడో మాట. ఈ మూడూ వేర్వేరు విషయాలు. మొదటిది నేరారోపణ, రెండోది రాజకీయం, మూడోది పాలనాపరమైన నిర్ణయం. వార్తల్లో మాత్రం మూడింటికీ "తొలగింపు" అనే ఒక్క మాటే వాడతారు. దాంతో ప్రజాధనానికి ఎవరు లెక్క చెప్పాలన్న ప్రశ్న, ఒక చిన్న కాంట్రాక్టు ఉద్యోగి బతుకు ప్రశ్న ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

తెలుగు నేలకు ఈ పథకంతో ఉన్న బంధం అందరికీ తెలిసిందే. 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తానికి దీన్ని ప్రారంభించింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఖర్చును ఊరి జనం ముందే తనిఖీ చేసే పద్ధతిని ఒక రాష్ట్రం మొత్తానికి వ్యవస్థగా నిలబెట్టిందీ మనవాళ్లే. అదే చోట వేల మంది సిబ్బందిని ఒక్కసారిగా తీసేయడం, మళ్లీ పిలవడం కూడా జరిగాయి. అందుకే ఈ చిక్కుముడి విప్పడానికి మన ఊళ్లనే చూద్దాం.

ఫీల్డ్ అసిస్టెంట్ ఎవరి ఉద్యోగి?

సాధారణంగా పంచాయతీకి ఒకరు చొప్పున ఉండే ఈ మనిషి రెగ్యులర్ ప్రభుత్వ ఉద్యోగి కాదు. మిగతా రాష్ట్రాల్లో గ్రామ్ రోజ్‌గార్ సహాయక్ అని పిలిచే పోస్టుకు మన దగ్గర పేరు ఫీల్డ్ అసిస్టెంట్. పని కావాలన్న వాళ్ల దగ్గర దరఖాస్తు తీసుకోవడం, పని చూపించడం, మేట్లతో (కూలీల గుంపును చూసుకునే వాళ్లతో) కలిసి హాజరు వేయించడం, జాబ్ కార్డుల వివరాలు సరిచూడటం ఆయన పనులు. పని కొలిచేది టెక్నికల్ అసిస్టెంట్. మండల కార్యాలయంలో పర్యవేక్షణ ఏపీవోది (అదనపు ప్రోగ్రామ్ ఆఫీసర్). ప్రోగ్రామ్ ఆఫీసర్ బాధ్యత ఎంపీడీవోది. జిల్లాలో డ్వామా (జిల్లా నీటి యాజమాన్య సంస్థ) ప్రాజెక్ట్ డైరెక్టర్, ఆపైన కలెక్టర్.

కూలి డబ్బు వెళ్లే దారి కూడా ఒకసారి చూడాలి. కూలీ మట్టి తవ్వుతుంది. మేట్ హాజరు వేస్తాడు. ఆ హాజరు మస్టర్‌లోకి ఎక్కుతుంది. టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఎంబుక్‌లో (కొలతల పుస్తకంలో) రాస్తాడు. కొలతను బట్టి కూలి కడతారు. మండలంలో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇద్దరు అధికారుల డిజిటల్ సంతకాలతో చెల్లింపు ఉత్తర్వు తయారుచేస్తారు. అక్కడి నుంచి డబ్బు నేరుగా కూలీ ఖాతాలో పడుతుంది. అంటే ఒక్క రూపాయి బయటికి వెళ్లాలంటే కనీసం నలుగురైదుగురి చేతులు పడాలి. ఫీల్డ్ అసిస్టెంట్ చేయి వాటిలో మొదట్లో ఉంటుంది, అందరికంటే కింద ఉంటుంది. ఈ సంగతి గుర్తుంటే తర్వాతి గొడవంతా తేలిగ్గా అర్థమవుతుంది.

జీతం ఎక్కడి నుంచి వస్తుంది: ఆరు శాతం మూట

2005 ఉపాధి హామీ చట్టం ప్రకారం కూలి మొత్తం కేంద్రం ఇవ్వాలి (కొత్త చట్టంలో మారిన లెక్క చివర్లో చూద్దాం). సామగ్రి ఖర్చులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. పథకం నడపడానికయ్యే పరిపాలన ఖర్చుకు వేరే పరిమితి పెట్టారు, మొత్తం ఖర్చులో 6 శాతం. ఫీల్డ్ అసిస్టెంట్ నుంచి ఏపీవో దాకా కాంట్రాక్టు సిబ్బంది జీతాలు, కంప్యూటర్లు, ప్రయాణాలు, శిక్షణ అన్నీ ఇందులోంచే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ మూట పథకం ఖర్చుతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. మనుషుల సంఖ్య మాత్రం అలా తగ్గదు. అసలు లెక్క రాష్ట్రం మొత్తానికి కడతారు కానీ, అర్థం కావడానికి ఒక మండలమే అనుకుందాం. అందులో 30 పంచాయతీలు ఉన్నాయి. ఒక ఏడాది 10 కోట్ల పని జరిగింది. ఆరు శాతం అంటే 60 లక్షలు. ముప్పై మంది ఫీల్డ్ అసిస్టెంట్లకు, లెక్క సులువు కోసం, నెలకు 10,000 చొప్పున ఇస్తే ఏడాదికి 36 లక్షలు. మిగతా 24 లక్షలతో టెక్నికల్ అసిస్టెంట్లు, ఆపరేటర్లు, ఆఫీసు నడవాలి. సర్దుకోవచ్చు. మరుసటి ఏడాది వానలు బాగా పడ్డాయి, జనం సొంత పొలాల్లో పడ్డారు, పని 6 కోట్లకు దిగింది. ఇప్పుడు ఆరు శాతం అంటే 36 లక్షలు. ఫీల్డ్ అసిస్టెంట్ల జీతాలకే సరిపోయింది. మిగతా వాళ్లకు పైసా లేదు.

ఈ స్థితిలో మండలానికి, రాష్ట్రానికి మూడు దారులున్నాయి. రాష్ట్ర ఖజానా నుంచి తేడా భరించాలి, లేదా మనుషుల్ని తగ్గించాలి, లేదా పనిదినాలు పెంచమని కింది సిబ్బందిని ఒత్తిడి చేయాలి. మూడోది ఖర్చు లేనిది కాబట్టి ఎక్కువగా అదే జరుగుతుంది. నెలాఖరుకు జీతం పడుతుందో లేదో అన్న టెన్షన్‌లో బతికే మనిషికి "నీ ఊళ్లో పనిదినాలు పెంచు" అన్న మాట ఎలా వినపడుతుందో ఆలోచించండి.

"తొలగింపు" అన్న ఒక్క మాటలో ఎన్ని అర్థాలు

పోస్టే అక్కర్లేదని రద్దు చేయడం ఒకటి. పరిశ్రమల్లో అయితే దీనికి చట్టం ప్రకారం నోటీసు, సర్వీసు చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఉంటాయి. పథకాల కాంట్రాక్టు సిబ్బందికి ఇది వర్తిస్తుందా అన్నది ఎప్పుడూ వాదనకు నిలిచే విషయమే. రెండోది, కాంట్రాక్టు గడువు అయిపోయాక పొడిగించకపోవడం. పైకి చూస్తే ఇది తొలగింపే కాదు. కానీ పదేళ్లు వరసగా పొడిగించిన కాంట్రాక్టును పదకొండో ఏట ఆపేస్తే, ఆ ఇంట్లో వాళ్లకు తేడా ఏమీ కనిపించదు. మూడోది, తప్పు చేశావని చెప్పి తీసేయడం.

రెగ్యులర్ ఉద్యోగికి రాజ్యాంగం 311వ అధికరణం రక్షణ ఉంది. విచారణ లేకుండా తీయడం కుదరదు. కాంట్రాక్టు ఉద్యోగికి ఆ రక్షణ లేదు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి పనిచేసినంత మాత్రాన తాత్కాలిక ఉద్యోగికి పర్మినెంట్ అయ్యే హక్కు రాదని తేల్చింది. అలాగని ఎలా పడితే అలా తీసేయొచ్చని కాదు. "డబ్బు తిన్నావు" అన్న మచ్చ వేసి పంపాలంటే ముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి, అతని జవాబు వినాలి. ఈ ఒక్క మెట్టు దాటేయడం వల్లనే తొలగింపు ఉత్తర్వులు కోర్టుల్లో నిలవకుండా పోతుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా ఫీల్డ్ అసిస్టెంట్లు హైకోర్టు మెట్లెక్కడం వెనకున్నది ఇదే. అసలు అవినీతి చేసిన వాడు కూడా, నోటీసు ఇవ్వలేదన్న పాయింటు మీద దర్జాగా తిరిగి వస్తాడు. పద్ధతి పాటించడం ఉద్యోగికి చేసే ఉపకారమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఆరోపణ నిలబడటానికి అవసరం.

తెలంగాణ, 2020: ఏడున్నర వేల మంది కథ

తెలంగాణలో ఫీల్డ్ అసిస్టెంట్ల పనితీరును ఊళ్లో కల్పించిన పనిదినాలతో ముడిపెడుతూ ప్రభుత్వం ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఊళ్లలో ఇప్పటికీ దాన్ని "4779 సర్క్యులర్" అనే అంటారు. పనిదినాల సగటును బట్టి గ్రేడ్లు, గ్రేడును బట్టి జీతం, కాంట్రాక్టు కొనసాగింపు. దాన్ని రద్దు చేయాలని 2020 మార్చిలో ఫీల్డ్ అసిస్టెంట్లు సమ్మెకు దిగారు. ప్రభుత్వం దాదాపు ఏడున్నర వేల మందిని విధుల నుంచి తప్పించింది. ఆ పని పంచాయతీ కార్యదర్శుల మీద పడింది.

ఆ నెలాఖరులోనే లాక్‌డౌన్ వచ్చింది. పట్నాల నుంచి జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు తిరిగొచ్చారు. దేశమంతటా 2020-21లో ఉపాధి పనిదినాలు 389 కోట్లకు చేరాయి. పథకం చరిత్రలో పని కోసం అంతగా ఎగబడిన ఏడాది అది. సరిగ్గా ఆ ఏడాదే తెలంగాణలో పని చూపించడానికే ఉన్న మనిషి ఊళ్లో లేడు. రెండేళ్ల తర్వాత, 2022 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వాళ్లను తిరిగి తీసుకుంటామని శాసనసభలో ప్రకటించారు. ఆగస్టులో ఉత్తర్వులు వచ్చాయి.

ప్రభుత్వం వైపు వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత దాదాపు ప్రతి పంచాయతీకీ ఒక కార్యదర్శి వచ్చాడు. అంతకుముందు మూడు నాలుగు ఊళ్లకు ఒక్కరే ఉండేవారు. ఊళ్లో పూర్తికాలం ఉద్యోగి ఉన్నప్పుడు ఇంకో మనిషి ఎందుకు? పైగా కార్యదర్శి పోటీ పరీక్ష రాసి వచ్చినవాడు, తప్పు చేస్తే పట్టుకోవడానికి ఒక సర్వీసు వ్యవస్థ ఉంటుంది. ఫీల్డ్ అసిస్టెంట్ నియామకాల్లో స్థానిక నాయకుల మాట నడిచిందన్నది ఊళ్లలో అందరికీ తెలిసినదే. పని చేయకుండా జీతం తీసుకునే వాళ్లూ ఉన్నారు. పనితీరును కొలవడం తప్పు కాదు కదా?

సిబ్బంది వైపు వాదన కూడా అంతే గట్టిది. ఉపాధి హామీలో పని పుట్టేది అడిగినప్పుడే. జనం అడగాలి, ప్రభుత్వం ఇవ్వాలి. ఎంత పని జరిగిందన్నది ఫీల్డ్ అసిస్టెంట్ కష్టం మీద కంటే ఆ ఊరి నీళ్లు, పంట, వలస మీద ఆధారపడుతుంది. ఇంకో మాట. కార్యదర్శికి పన్నులు, పారిశుధ్యం, నర్సరీ, జనన మరణ నమోదు, పల్లె ప్రగతి అన్నీ ఉండగా ఉదయం ఆరింటికి చెరువు గట్టు మీద హాజరు వేయమంటే ఏదో ఒకటి కుంటుపడుతుంది.

టార్గెట్ పెడితే ఏమవుతుంది: రెండు ఊళ్ల లెక్క

ఒక ఊహ. మెట్ట ప్రాంతంలో ఒక ఊరు, 300 జాబ్ కార్డులు. చెరువు ఎండింది, బోర్లు పోయాయి. అందరూ పని అడుగుతారు. ఏడాదికి 15,000 పనిదినాలు, అంటే కార్డుకు సగటున 50 రోజులు. కాల్వ కింద ఇంకో ఊరు, అక్కడా 300 కార్డులే. రెండు పంటలు పండుతాయి, నాట్లకు కోతలకు మంచి కూలి దొరుకుతుంది. ఎండాకాలం రెండు నెలలే ఉపాధి పని. మొత్తం 5,400 పనిదినాలు, కార్డుకు 18 రోజులు. పనిదినాల సగటే కొలబద్ద అయితే మెట్ట ఊరి మనిషికి మంచి గ్రేడు, కాల్వ ఊరి మనిషికి ఉద్వాసన. ఇద్దరి కష్టంలో తేడా ఉండకపోవచ్చు. కాల్వ ఊరి మనిషే ఎక్కువ నిజాయితీపరుడు కావచ్చు కూడా.

ఇప్పుడు ఆ కాల్వ ఊరి మనిషి ఉద్యోగం నిలబెట్టుకోవాలి. 18ని 30 చేయాలంటే 3,600 పనిదినాలు కావాలి. అడిగేవాళ్లు లేరు. చేతిలో మస్టర్ ఉంది. పనికి రాని వాళ్ల పేర్లు రాస్తే లెక్క సరిపోతుంది. కార్డున్న వాడి ఖాతాలో డబ్బు పడుతుంది, ఇంత నీకు ఇంత నాకు అని పంచుకుంటారు. అంటే ఖర్చుకు క్రమశిక్షణ తేవాలని పెట్టిన కొలబద్దే దొంగ మస్టర్‌కు దారి చూపిస్తుంది. అందరూ అలా చేస్తారని అనడం లేదు. కానీ నిజం రాసిన వాడికి శిక్ష, అబద్ధం రాసిన వాడికి గ్రేడు ఇచ్చే పద్ధతిని జవాబుదారీతనం అనలేం.

సామాజిక తనిఖీ ఏం చూస్తుంది

మామూలు ఆడిట్ కాగితాలు చూస్తుంది. ఓచరుంటే, సంతకముంటే సరిపోయింది. దొంగ మస్టర్‌కు కూడా సంతకాలుంటాయి, అక్కడే చిక్కు. అందుకే చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీ తప్పనిసరి చేశారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లలో నడిపిన బహిరంగ విచారణలు దీనికి మూలం. ఆ పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో చేపట్టి, 2009లో దాని కోసమే ఒక స్వతంత్ర సొసైటీ ఏర్పాటు చేసింది. పథకం నడిపే వాళ్లు, తనిఖీ చేసే వాళ్లు ఒకరే కాకూడదన్నది దాని ప్రాణం. 2011లో కేంద్రం దేశమంతటికీ తనిఖీ నియమాలు తెచ్చింది.

పద్ధతి ఇలా ఉంటుంది. కూలీ కుటుంబాల నుంచే ఎంపికై శిక్షణ పొందిన యువకులు, తమది కాని ఊరికి వెళ్తారు. మస్టర్ చేత పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. "ఫలానా వారం ఆరు రోజులు చెరువు పనికి వెళ్లావని ఉంది, వెళ్లావా? 1,500 పడిందా?" అని అడుగుతారు. గుంతలు మళ్లీ కొలుస్తారు. గ్రామసభలో చదివి వినిపిస్తారు. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక, అంటే అధికారుల ముందు జరిగే బహిరంగ విచారణ.

ఒక ప్రజావేదికలో వెనక వరసలో కూర్చుని సాయంత్రం దాకా విన్నాను. ఒక ముసలమ్మ మైకు దగ్గరికి వచ్చి, "నేను ఆ నెలంతా మంచాన పడున్నా నాయనా, నా పేరెట్టా రాశారు?" అని అడిగింది. షామియానా కింద ఒక్క మాట లేదు. చదువుకున్న ఆడిటర్ ఏ కాగితంలోనూ పట్టుకోలేని సంగతి అది. ఆమె ధైర్యం చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఆమె రేపు పని అడగాల్సింది అదే ఫీల్డ్ అసిస్టెంట్‌ను.

తనిఖీ నివేదికలు వార్తల్లోకి వచ్చేసరికి "ఇన్ని లక్షల అక్రమాలు" అని ఒకే అంకెగా మారతాయి. నివేదికలో మాత్రం విడివిడిగా ఉంటాయి. సొమ్ము తినేయడం ఒక రకం. ఒక పనికి మంజూరైన డబ్బు ఇంకో పనికి వాడటం ఇంకో రకం. ఉదాహరణకు ఒక సర్వే నంబరులో తవ్వాల్సిన నీటి గుంత పక్క పొలంలో తవ్వారు. గుంత ఉంది, కూలి అందింది, నియమం తప్పింది. మూడోది పద్ధతి ఉల్లంఘన. రిజిస్టర్లు రాయకపోవడం, పని దగ్గర నీడ, నీళ్లు లేకపోవడం. నాలుగోది జనం ఫిర్యాదులు. వీటన్నిటినీ కలిపి "దోపిడీ" అంటే తినేసిన వాడికి, రిజిస్టరు రాయని వాడికి తేడా పోతుంది. వార్త చదివేటప్పుడు ఆ అంకె ఏ రకానిదో వెతికి చూడటం అవసరం.

అరవై వేల రూపాయలు ఎక్కడికి పోయాయి

ఇప్పుడు అసలు లెక్క. ఒక ఊళ్లో పది మంది పేర్లతో నాలుగు వారాలు దొంగ హాజరు పడిందని తేలింది. వారానికి ఆరు రోజులు, రోజుకు 250 చొప్పున. పది మంది, 24 రోజులు, అంటే 240 పనిదినాలు. మొత్తం 60,000.

ప్రజావేదికలో ఎక్కువగా జరిగేది ఫీల్డ్ అసిస్టెంట్‌ను తీసేయడం. ఆయన నెల జీతం 10,000 అనుకుంటే, ఉద్యోగంలో ఉంచి నెలకు 3,000 కోసుకున్నా ఇరవై నెలల్లో ఆ 60,000 వసూలవుతుంది. తీసేసిన క్షణం ఆ దారి మూసుకుపోతుంది. తర్వాత నోటీసులు, రెవెన్యూ రికవరీ చట్టం, తహసీల్దారు, ఏళ్లు. ఆస్తి లేని మనిషి దగ్గర ఏం జప్తు చేస్తారు? దొంగను అదే కుర్చీలో ఉంచాలని నేను అనడం లేదు. సాక్ష్యం చెప్పిన ముసలమ్మ అతని కళ్లముందే బతకాలి కాబట్టి అక్కడి నుంచి కదపాల్సిందే. శిక్ష, వసూలు అన్నవి రెండు పనులని, మొదటిది చేసి రెండోది అయిపోయినట్టు భావించకూడదనే చెబుతున్నాను.

బాధ్యత పంపకం సంగతి కూడా ఉంది. లేని పని కొలిచి ఎంబుక్‌లో రాసింది ఎవరు? ఆ ఎంబుక్ చూసి మంజూరు చేసింది ఎవరు? పది మంది 24 రోజులు తవ్వితే గుంత కనిపించాలి కదా. కనిపించని గుంతకు కొలత పడిందంటే ఆ 60,000లో కొలిచిన వాడి భాగం, సరిచూడని వాడి భాగం ఉన్నాయి. అందరినీ సమానంగా పట్టుకోవడం కూడా న్యాయం కాదు. మండలంలో వందల మస్టర్లు వస్తాయి, ప్రతి గుంత దగ్గరికి ఎంపీడీవో వెళ్లలేడు. అందుకే నిర్లక్ష్యానికీ కుమ్మక్కుకూ తేడా తేల్చే విచారణ కావాలి. ఆ విచారణ చేయడం కష్టం, ఒకర్ని తీసేయడం సులువు. ఆంధ్రప్రదేశ్ 2012లో సామాజిక తనిఖీలో బయటపడిన అవినీతిపై చర్యల కోసం ఒక ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చిందంటే, దొరికిన తప్పుకూ పడిన శిక్షకూ మధ్య దూరం ఎంతో తెలుస్తుంది. 2005 ఉపాధి చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనకు జరిమానా 1,000 రూపాయల దాకానే.

పైనుంచి వచ్చే ఖర్చు ప్రశ్నలు

జవాబుదారీతనం కింది మెట్టు దగ్గరే ఆగదు. 2022లో తెలంగాణ ఉపాధి నిధులతో రైతులకు ధాన్యం ఆరబెట్టే కల్లాలు కట్టించిందని, అది నిబంధనలకు విరుద్ధమని, సుమారు 152 కోట్లు తిరిగి కట్టాలని కేంద్రం అడిగింది. రైతులకు పనికొచ్చే ఆస్తే కదా, చేపలు ఆరబెట్టడానికి ఇంకోచోట ఒప్పుకున్నప్పుడు ఇది ఎందుకు తప్పని రాష్ట్రం వాదించింది. ఎవరి పక్షం తీసుకున్నా, ఈ 152 కోట్ల నిర్ణయంలో ఏ ఫీల్డ్ అసిస్టెంట్‌కూ పాత్ర లేదు. పైన చెప్పిన 60,000 లాంటి కేసులు పాతిక వేలు కలిస్తే గానీ ఈ మొత్తం రాదు.

పశ్చిమ బెంగాల్‌ది ఇంకా పెద్ద కథ. అక్రమాలు జరిగాయని 27వ సెక్షన్ కింద కేంద్రం 2022 మార్చి నుంచి రాష్ట్రానికి నిధులు ఆపేసింది. ప్రజాధనం దుర్వినియోగమైతే ఆపే అధికారం చట్టంలోనే ఉంది. కానీ మూడేళ్లకు పైగా దాని బాధ పడింది కూలీలు. తప్పు చేసిన వాళ్లను పట్టుకోండి, మొత్తం పథకాన్ని శాశ్వతంగా ఆపలేరని 2025 జూన్‌లో కలకత్తా హైకోర్టు చెప్పింది. కేంద్రం వేసిన అప్పీలును అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక ఊళ్లో ఫీల్డ్ అసిస్టెంట్‌ను తీసేసి కొత్తవాణ్ని వేయక నెలల తరబడి పని ఆగినప్పుడు జరిగేదీ ఇదే, చిన్న రూపంలో.

ఇక ఎవరూ లెక్క అడగని ఖర్చు ఒకటుంది. పదిహేను రోజుల్లో కూలి పడకపోతే, ఆలస్యమైన ప్రతి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. 1,500 రూపాయల కూలి మరో ఇరవై రోజులు ఆలస్యమైతే రోజుకు 75 పైసలు, మొత్తం 15 రూపాయలు. ఆ పదిహేను రూపాయలకూ ఎన్నో మెలికలు. కూలి ఆలస్యం చేసినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న వాడిని నేను చూడలేదు.

మనిషి బదులు ఫోన్ కెమెరా

సిబ్బందిని నమ్మలేమన్న ఆలోచన నుంచి వచ్చింది మొబైల్ హాజరు యాప్. 2021లో మొదలై, 2023 జనవరి నుంచి అన్ని సామూహిక పనులకూ తప్పనిసరి అయింది. రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎక్కించాలి. దీనివల్ల దొంగ హాజరు కష్టమవుతుందన్న వాదనలో నిజం ఉంది. ఖాళీ మస్టర్ మీద ఇంట్లో కూర్చుని పేర్లు రాసే రోజులు పోయాయి. అయితే 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో దుర్వినియోగాల జాబితా ఇచ్చింది. పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోను మళ్లీ ఫొటో తీయడం, ఒకే గుంపును వేర్వేరు మస్టర్లలో చూపించడం. కెమెరా ముందు ఎవరు నిలబడ్డారో చూసే కన్ను లేకపోతే కెమెరా ఏం చేస్తుంది? మరోవైపు సిగ్నల్ లేని కొండ ఊళ్లలో నిజంగా పనిచేసిన వాళ్ల హాజరు పోతోంది.

కొత్త చట్టంలో లెక్క ఎలా మారుతుంది

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో వికసిత్ భారత్ – జీ రామ్ జీ చట్టాన్ని ఆమోదించింది. ఏడాదికి 125 రోజుల పని, వ్యవసాయ పనుల కాలంలో 60 రోజుల దాకా విరామం, రాష్ట్రాలకు కేంద్రం ముందే నిర్ణయించే కేటాయింపు, ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం వాటా. సిబ్బంది విషయంలో ముఖ్యమైనది, పరిపాలన ఖర్చు పరిమితి 6 నుంచి 9 శాతానికి పెరగడం. జీతాలకు, శిక్షణకు, సాంకేతిక సిబ్బందికి డబ్బు చాలడం లేదన్న పాత మొరకు ఇది జవాబని ప్రభుత్వం చెబుతోంది.

మన ముప్పై పంచాయతీల మండలానికే తిరిగి వెళ్దాం. పది కోట్ల పనికి ఇప్పుడు 90 లక్షలు, ఆరు కోట్లకు 54 లక్షలు. పని తగ్గిన ఏడాది కూడా ఫీల్డ్ అసిస్టెంట్లకు 36 లక్షలు పోను 18 లక్షలు మిగులుతాయి. ఇది నిజమైన ఊరట. కానీ జీతం ఇప్పటికీ ఖర్చులో శాతమే. ఆ 54 లక్షల్లో 40 శాతం, అంటే 21 లక్షల 60 వేలు, రాష్ట్రం పెట్టాలి. రాష్ట్రం తన వాటా విడుదల చేయడం ఆలస్యమైతే మొదట ఆగేది ఎవరి జీతమో ఫీల్డ్ అసిస్టెంట్లకు అనుభవం మీద తెలుసు. పాత చట్టం కింద తేలి వసూలు కాకుండా మిగిలిన మొత్తాలు ఏ ఖాతాలో, ఎవరి పేరు మీద కొనసాగుతాయన్నది మన రెండు రాష్ట్రాల ప్రజావేదికల్లో అడగాల్సిన ప్రశ్న. మైకు ముందుకు వచ్చి "నా పేరెట్టా రాశారు?" అని అడిగిన ఆ ముసలమ్మకు, ఆ పేరు మీద డ్రా అయిన డబ్బు తిరిగి ప్రభుత్వానికి చేరిందో లేదో చెప్పిన వాళ్లు ఇంతవరకూ లేరు.